పెద్దాయన జలుబూ నా గోళ్ళూ

నాటకశాల, మేకప్ గది
సోమవారం

అక్కా,

నీ ఆజ్ఞ ప్రకారం ఫోన్ పక్కన పెట్టి కలం పట్టుకున్నాను. "కలం పట్టిన చెయ్యి నోట్లోకి పోదు. గోళ్ళు పెరిగేదాకా ఉత్తరాలే రాయి, ఫోన్ చేస్తే ఎత్తను" అని నువ్వు టక్కున పెట్టేశాక చాలాసేపు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఏం చేస్తూ కూర్చున్నానో అడగకు. నీ వైద్యంలో ఒక లోపం ఉందని మాత్రం మనవి. కలం కుడి చేతిలో ఉంటే ఎడమ చెయ్యి ఖాళీ. ఈ పేరా అయ్యేసరికి ఎడమ చిటికెనవేలు పని అయిపోయింది.

ఫోన్‌లో నువ్వు మాట్లాడనివ్వలేదు కాబట్టి అసలు సంగతి ఇప్పుడు వివరంగా విను. నాకు వేషం వచ్చిందక్కా! ఇన్నేళ్ళూ వింగ్‌లో, ఆ పక్క తెర వెనకాల, స్క్రిప్టు పట్టుకుని నిలబడి, ఎవరైనా మాట మరిచిపోతే అందించడమే కదా నా పని. చీకట్లో నిలబడేవాడి మొహం మా డైరెక్టరుగారికి గుర్తుండటమే గొప్ప. అలాంటిది కొత్త నాటకంలో డాక్టరు వేషం వెయ్యమన్నారు. మా పెద్దాయన, అదే మాలో అందరికన్నా పాత నటుడు, అందులో జబ్బుపడ్డ ఓడ కెప్టెన్. నేను ఆయన మంచం పక్కన కూర్చుని, చేతికున్న కట్టు విప్పి మళ్ళీ కట్టాలి. మాటలు తక్కువే. అయితేనేం, స్టేజీ మీద, వెలుగులో, జనం ఎదురుగా! సంతోషం పట్టలేక పక్కనున్న లైట్లవాణ్ణి వాటేసుకున్నాను.

అప్పుడు డైరెక్టరుగారి కళ్ళు నా చేతుల మీద పడ్డాయి. "ఇవేం వేళ్ళయ్యా! కట్టు విప్పేటప్పుడు లైటంతా డాక్టరు చేతుల మీదే ఉంటుంది. ఇవి చూస్తే జబ్బు కెప్టెన్‌కి కాదు, డాక్టరుకే అనుకుంటారు" అన్నారు. నాటకం మొదలయ్యేలోపు గోళ్ళు పెరిగితే వేషం నాదట. లేకపోతే లైట్లవాడిదట. వాడు అప్పుడే చేతులకి క్రీము రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఈ వేషం నాకు కావాలక్కా. నవ్వులాటకి అనడం లేదు. ఒకసారి కాదంటే ఇంకోసారి ఎవరూ అడగరు. ఏదో ఒక దారి చెప్పు, చేస్తాను.

నీ ఎలుక


బేకరీ, వెనక గది
గురువారం

ఒరేయ్ ఎలుకా,

వేషం వచ్చిందని చదివి పొయ్యి దగ్గరే గట్టిగా అరిచాను. మా యజమానురాలు చెయ్యి కాలిందేమోనని పరిగెత్తుకొచ్చింది. మా తమ్ముడు డాక్టరయ్యాడంటే, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం, నాకు మోకాలి నొప్పి" అని కూర్చుంది. ఆవిడకి విడమరిచి చెప్పేసరికి కేకు మాడింది.

సరే, నీ సంగతి. చిన్నప్పుడు పెన్సిలు కొరికావు, చొక్కా కాలరు కొరికావు, నా జడ రిబ్బను కూడా కొరికావు. అందుకేగా ఆ పేరు పెట్టింది. అవన్నీ మానేసిన మగాడివి, గోళ్ళు మానలేవా? చేదు మందు సీసా ఒకటి పంపుతున్నాను. గోళ్ళకి రాసుకో. నువ్వు బాగా కొరికే ఒకటి రెండు వేళ్ళకి ప్లాస్టర్ చుట్టుకో. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, చేతిలో ఏదైనా పిసుకుతూ ఉండు. మీ బావ సలహా ఏమిటంటే, పెళ్ళి చేసుకో, గోళ్ళు కొరుక్కునే తీరిక ఉండదు అని. దానికి ఆయనకేం జవాబు చెప్పానో ఇక్కడ రాయను.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. చెయ్యి నోట్లోకి ఎప్పుడు పోతోందో గమనించు. ఊరికే పోదురా అది. లోపల దేనికో భయపడితేనే పోతుంది. నీ భయమేమిటో తెలిస్తే సగం పని అయినట్టే.

నీ వేళ్ళ బాగు కోరే
అక్క


నాటకశాల, మెట్ల మీద
మంగళవారం

అక్కా,

చేదు మందు అందింది. మొదటి రోజు వాంతి వచ్చినంత పనైంది. రెండో రోజు ఫరవాలేదనిపించింది. ఇప్పుడు రాసుకోకపోతే ఏదో వెలితిగా ఉంటోంది. సీసా మేకప్ చేసే అమ్మగారికి ఇచ్చేశాను, నేను అడిగినా ఇవ్వొద్దని చెప్పాను.

ప్లాస్టర్ల కథ ఇంకా ఘోరం. ఆ ప్లాస్టర్ వేళ్ళతో స్క్రిప్టు తిప్పితే రెండేసి పేజీలు ఒక్కసారి తిరిగాయి. నాటకంలో భర్త పోయిన ఆవిడ మాట మరిచిపోతే, నేను తర్వాతి పేజీలోది అందించాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, "ఇంకొంచెం కాఫీ తీసుకోండి" అంది. శవం నవ్వింది.

నువ్వు గమనించమన్నది గమనించాను. మామూలప్పుడు అలవాటుకొద్దీ కొరుకుతాను, అది ఆపుకోగలను. ఆపుకోలేనిది మాత్రం పెద్దాయన స్టేజీ మీద ఉన్నప్పుడే. ఇప్పుడాడుతున్న నాటకంలో ఆయన జడ్జి. పొడుగాటి మాటలు. రిహార్సల్‌లో కొన్ని చోట్ల తప్పకుండా తడబడతారు. స్టేజీ మీద ఆ చోట్లు దగ్గరపడుతుంటే నాకు గుండె పీచుపీచుమంటుంది, చెయ్యి తనంతట తనే పైకి లేస్తుంది. విచిత్రమేమిటంటే స్టేజీ మీద ఆయన ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నేను ఈ పనిలో చేరాక ఆయనకి ఒక్క మాట అందించాల్సిన అవసరం రాలేదు. ఈ వయసులో అంత జ్ఞాపకం ఎవరికుంటుందని అందరూ చెప్పుకుంటారు. అలాంటి మనిషి గురించి నేనెందుకు హడలిపోవాలి? ఉత్తి పిచ్చి కదూ!

కాబట్టి మానేశాను. ఆయన ఆ చోట్లకి వచ్చేసరికి చేతులు వెనక్కి పెట్టుకుని, రబ్బరు బంతి పిసుకుతూ, బుద్ధుడిలా చిరునవ్వు మొహం పెట్టుకుని నిలబడుతున్నాను. బొటనవేళ్ళకి తెల్లటి అంచు కనబడుతోంది. లైట్లవాడు చూసి క్రీము డబ్బా మూత పెట్టేశాడు.

నీ తమ్ముడు
(ఎలుక అనకు, రాజీనామా చేశాను)


బేకరీ, వెనక గది
శనివారం

రాజీనామా చేసిన ఎలుకగారికి,

తెల్లటి అంచు! మీ బావకి చదివి వినిపించాను. "అదేమన్నా సూర్యోదయమా" అన్నారు గానీ, ఆయనకీ సంతోషమే, రెండుసార్లు చదివించుకున్నారు.

నీ ధ్యాసలో పడి ఇవాళ కొంప ముంచాను. ఎవరో ఆఫీసు పెద్దమనిషి ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడని పెద్ద కేకు ఆర్డరు. "మీ సేవలకు అభినందనలు" అని రాయాలి. క్రీముతో అందంగా, పువ్వులు కూడా వేసి, "నోట్లో వేలు పెట్టకు" అని రాశాను. అట్టపెట్టెలో పెట్టి పంపించేశాక వెలిగింది. తల కొట్టేసినట్టయింది నాకు. భయపడుతూ ఫోన్ చేస్తే వాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ఆ పెద్దమనిషి జీవితమంతా అందరి పనుల్లోనూ వేలు పెట్టేవాడట. ఇంత ధైర్యంగా ఎవరు రాయించారా అని ఆఫీసంతా ఆరా తీస్తున్నారట.

నీ గోళ్ళ వల్ల నా ఉద్యోగం పోకముందే తొందరగా పెంచుకో.

అక్క


నాటకశాల, మేకప్ గది
ఆదివారం

అక్కా,

నీ కేకుకి తగ్గ కథ ఒకటి చెబుతాను. నిన్న పెద్దాయన కూడా పప్పులో కాలేశారు! మొదటి అంకంలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆఖరి అంకంలోకి దూకేశారు. సాక్షి ఇంకా రానేలేదు, ఈయన తీర్పు చెప్పేశారు. సాక్షి వేషం వేసే అతను మీసం అతికించుకుంటూ, "నేనేం చెప్పకుండానే శిక్ష ఎలా పడింది?" అని నన్ను అడుగుతాడు. నేనేం చెప్పను? వరస కలపడానికి మాట అందించాను, ఆయనకి వినిపించలేదు. నాటకం సగానికే అయిపోయింది. జనం కొత్త పద్ధతి నాటకమనుకుని చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు.

అందరం నవ్వుకున్నాం. పెద్దాయన మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "నీకు ఒంట్లో బాగుందా?" అని అడిగారు. ఆయన పొరపాటు చేసి నా ఒంటి సంగతి అడగడమేమిటో అర్థం కాలేదు.

డైరెక్టరుగారు నా చేతులు చూసి, "ఇవీ వేళ్ళంటే" అన్నారు. వేషం దాదాపు ఖాయం.

నీ తమ్ముడు


నాటకశాల
శుక్రవారం

అక్కా,

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఆ డాక్టరు వేషం వద్దని చెప్పేశాను. ఆలోచిస్తే స్టేజీ నాకు సరిపడదనిపించింది. గోళ్ళు మళ్ళీ కొరికేశాను. నిన్ను అనవసరంగా శ్రమపెట్టాను. బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
ఆదివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం ఈ బల్ల మీదే ఉంది. ఇందాకటి నుంచి చూస్తున్నాను. పేజీలకి పేజీలు వాగేవాడివి నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే నేను నమ్మాలా? స్టేజీ నీకు సరిపడదా? చిన్నప్పుడు దుప్పటి తెర కట్టి, నన్ను కూర్చోబెట్టి, నేను పారిపోకుండా తలుపు గడియ పెట్టి మరీ నాటకాలు ఆడింది ఎవరురా?

ఎవరైనా ఏమైనా అన్నారా? డైరెక్టరు మాట మార్చాడా? లేకపోతే నీకే భయమేసిందా? ఏదైనా ఫరవాలేదు, నాతో చెప్పు. గోళ్ళ గురించి తిట్టను. నువ్వు అబద్ధం ఆడటమే నాకు కష్టంగా ఉంది. మీ బావ ఉత్తరం చదివి జోకు కూడా వెయ్యలేదు, అర్థం చేసుకో.

అక్క


నాటకశాల, వింగ్‌లో, రిహార్సల్ మధ్యలో
బుధవారం

అక్కా,

నీళ్ళు నమలకుండా చెప్పేస్తాను. ఎవరితోనూ అనకు.

తీర్పు ముందే చెప్పేసిన రోజు తర్వాతి ఆటలో పెద్దాయన స్టేజీ మీద అసలు ఆగిపోయారు. నేను మాట అందించాను. వినబడింది, కానీ అందుకోలేకపోయారు. ఆయన నా వంకే చూస్తున్నారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, ఏమీ కానట్టు నవ్వు మొహంతో నిలబడి ఉన్నాను. ఆఖరికి గుమాస్తా వేషం అతను ఏదో అల్లి గట్టెక్కించాడు. ఆయన దిగొచ్చి, రంగు కడుక్కోకుండా కుర్చీలో కూర్చుండిపోయారు. "ముసలివాణ్ణయిపోయానురా. కొత్త నాటకం అవగానే ఆపేస్తాను" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు ఆటలో భయంతో నాకు తెలియకుండానే వేలు నోట్లోకి పోయింది. ఆయన చూశారు. అంతే, నడక నెమ్మదించింది. బల్ల మీది గ్లాసు తీసి మంచినీళ్ళు తాగారు. ఊపిరి పీల్చుకుని, ఆ కష్టమైన మాట ముత్యంలా చెప్పారు. తర్వాత కూడా అంతే. నేను వేలు నోట్లో పెట్టడం, ఆయన సర్దుకోవడం. అప్పుడు వెలిగింది నాకు. ఇన్నేళ్ళూ ఆయన చూస్తున్నది స్క్రిప్టుని కాదు, నన్ను! నేను గోరు కొరికితే కష్టమైన చోటు వస్తోందని, ఆయనకే తెలియకుండా, ఆయనకి గుర్తు. నేను నిశ్చింతగా కనబడితే ఇంకా రాలేదనుకుని ముందుకి వెళ్ళిపోతారు.

ఇప్పుడు చెప్పు, నేను గోళ్ళు ఎలా పెంచను? వేషం వేస్తే వింగ్‌లో ఉండనే ఉండను. నా బదులు మేకప్ అమ్మగారు నిలబడతారు. ఆవిడ ఇల్లు తగలబడినా కళ్ళు ఆర్పని మనిషి. చేతి రుమాలు ఊపుతాననో, తల గోక్కుంటాననో వేరే గుర్తు పెట్టుకోవచ్చు అంటావు. అలా పెట్టుకోవాలంటే ఆయనతో చెప్పాలిగా? "అయ్యా, మీ జ్ఞాపకం నా గోళ్ళలో ఉంది" అని ఆ మనిషి మొహం మీద ఎలా అంటాను? ఈ పనిలో నాకు నడక నుంచీ నేర్పింది ఆయన. నా వల్ల కాదు. వేషం పోతే పోయింది.

తమ్ముడు


బేకరీ, వెనక గది
సోమవారం

తమ్ముడూ,

రెండు రోజులు ఆలోచించాను. నువ్వు చెప్పలేవు, నిజమే. నేను చెప్పగలను. నాటకశాల చిరునామాకి పెద్దాయన పేర నిన్ననే ఉత్తరం వేసేశాను. ఎవరితోనూ అనకన్నావు. అనలేదు, రాశాను.

అరికాలి మంట నెత్తికెక్కుతుందని తెలుసు. తిట్టు. ఫోన్ చేసి తిట్టినా ఈసారి ఎత్తుతాను. ఆయన్ని చిన్నబుచ్చే మాట ఒక్కటీ రాయలేదు. మా తమ్ముడికి మీరంటే ప్రాణం, మీ కోసం వేషం వదులుకున్నాడు, మీకు తెలియకుండా వదులుకున్నాడు, అది మీకు ఇష్టమేనా అని మాత్రం అడిగాను. ఆ మాట అడగడానికి అక్కకి హక్కు ఉందనుకుంటున్నాను.

అక్క


నాటకశాల, మేకప్ గది
శనివారం

అక్కా,

తిడదామనే కూర్చున్నాను. జరిగింది చెప్పాక నీకే తెలుస్తుంది ఎందుకు తిట్టలేదో.

పెద్దాయన నన్ను పిలిచి తలుపేశారు. చేతిలో నీ ఉత్తరం. "నాకెప్పుడో తెలుసురా. నువ్వు చేరిన ఏడే తెలిసింది. నీ వేలు నోట్లోకి పోతే నాకు ధైర్యం. నీకు తెలియదు కదాని హాయిగా ఉన్నాను. నువ్వేమో నాకు తెలియదని దాచావు. ఇద్దరం ఇద్దరమే" అని నవ్వారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని చూశారు. నవ్వు పోయింది. "నా మాటల కోసం వేళ్ళు తింటూ కూర్చుంటావా? నేను అంత చేతకానివాణ్ణనుకున్నావా? వేషం నువ్వే వెయ్యాలి" అన్నారు. నేను ఏడ్చాను. దాచేదేముంది, బాగా ఏడ్చాను.

ఇక చిక్కల్లా గోళ్ళు. మళ్ళీ పెరగాలి కదా! అప్పటికే లైట్లవాడితో రిహార్సల్ మొదలైంది. మొదటిరోజే నవ్వులపాలైంది. డాక్టరు వచ్చే చోట డైరెక్టరుగారు, "లైటు! లైటు!" అని అరుస్తారు, చిమ్మచీకటి. లైటు వెయ్యాల్సినవాడు స్టెతస్కోపు మెడలో వేసుకుని స్టేజీ మీద నిలబడ్డాడు. "నేను ఇక్కడున్నానండీ" అని చీకట్లోంచి జవాబు. డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. ఆ అబ్బాయే బతికిపోయానని వేషం వదిలేసి తన స్విచ్చుల దగ్గరికి పరిగెత్తాడు. వేషం మళ్ళీ నా దగ్గరికొచ్చింది, గోళ్ళ షరతుతో సహా.

నిన్నటి నుంచి పెద్దాయనకి భయంకరమైన జలుబు. గొంతు పూర్తిగా పోయింది. నాటకం వెనక్కి జరపక తప్పదని చీటీ రాసి చూపించారు. డైరెక్టరుగారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. నేను వేడినీళ్ళు ఇవ్వడానికి వెళితే మఫ్లరు తీసి, చక్కటి గొంతుతో, "ఎంతవరకు వచ్చాయి?" అని అడిగారు. రోజూ చూపించాలట. బొటనవేలి గోరు ఒడ్డుకి చేరగానే జలుబు తగ్గుతుందట.

నిన్ను ఏమీ అనలేను. నీ చేతులు పట్టుకోవాలని ఉంది.

తమ్ముడు


బేకరీ, వెనక గది
మంగళవారం

డాక్టరుగారికి,

మీ పేషెంటు జలుబు త్వరగా తగ్గకూడదని మా బేకరీ అంతా కోరుకుంటోంది. మీ బావ అయితే తన మఫ్లరు కూడా పంపుతానంటున్నారు. మొదటి ఆటకి మేమిద్దరం రాలేం, పొయ్యి వదిలి కదిలే వీలు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. వింగ్‌లో నువ్వు లేనప్పుడు ఆయన మాట మరిచిపోతే ఎలా? ఏదైనా ఆలోచించుకున్నారా?

అక్క


నాటకశాల, మేకప్ గది
ఆదివారం ఉదయం

అక్కా,

నిన్న మొదటి ఆట అయింది. రంగు కడిగినా చెవుల వెనక ఇంకా ఉంది, కడగబుద్ధి కావడం లేదు.

నువ్వడిగింది మేం ముందే ఆలోచించుకున్నాం. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి నేనే పట్టుకుంటాను కదా. కష్టమైన చోటు రాగానే మణికట్టు మెత్తగా నొక్కాలి, అదీ గుర్తు. రిహార్సల్‌లో బ్రహ్మాండంగా కుదిరింది. అయితే రిహార్సల్‌లో చేతికి కట్టు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

నిన్న మొదటి రంగం బాగానే గడిచింది. లైటు నా చేతుల మీద పడ్డప్పుడు కట్టు విప్పాను, కట్టాను, వేళ్ళు వణకలేదు. రెండో రంగంలో కెప్టెన్ తన మునిగిపోయిన ఓడ గురించి చెప్పే పెద్ద మాట. సగానికి వచ్చేసరికి నేను నొక్కాను. మందంగా చుట్టిన గుడ్డ, ఆయనకి తెలియనేలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఆయన గొంతు ఆగిపోయింది. కళ్ళు వింగ్ వైపు వెళ్ళాయి. అక్కడ మేకప్ అమ్మగారు, నిశ్చింతగా, బొమ్మలా. మాట అందిస్తున్నారు కూడా, నాకు వినబడుతోంది. ఆయనకి ఎక్కడం లేదు. హాలంతా నిశ్శబ్దం. ఆయన నా వేళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

ఇక నాకేం తోచలేదక్కా. కట్టు లేని చోట, అరచేతి అంచున, బొటనవేలి గోరుతో గట్టిగా గిల్లాను.

"అబ్బా!" అని అరిచారు ఆయన. హాలు ఉలిక్కిపడింది. ఆయన నా వంక గుడ్లురిమి చూసి, "నువ్వు డాక్టరువా, పీతవా?" అన్నారు. అది స్క్రిప్టులో లేదు. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులు ఆగేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. నవ్వులు తగ్గాయి, మాట వచ్చింది. ఓడ మునగడం, నావికుల పేర్లు, అన్నీ, ఒక్క ముక్క పోకుండా. ముందు వరసలో ఒకావిడ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. నేను డాక్టర్ని కాబట్టి ఏడవకూడదు, పళ్ళు బిగించి కూర్చున్నాను.

గోళ్ళు కొరకాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదంటే నమ్ముతావా? రెండు చేతులూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

తెర పడ్డాక డైరెక్టరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. ఆ పీత ముక్క ప్రతి ఆటలోనూ ఉండాలట. పెద్దాయన నన్ను అద్దం ముందు లైటు కిందికి పిలిచి, తన అరచెయ్యి చూపించారు. గోరు దిగిన చోట ఎర్రగా కమిలింది. క్షమించమన్నాను. ఆయన వినిపించుకోలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూశారు.

"ఈ నాటకంతో ఆపేస్తానన్నాను కదూ?" అన్నారు.

"అన్నారండీ."

"వెళ్ళి డైరెక్టరుతో చెప్పు. వచ్చే నాటకంలో కూడా నాకు ఏదో ఒక జబ్బు పెట్టమను."

నీ తమ్ముడు